విరాసత్ కాగితాలు, మన ఇళ్ల సంగతులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వారు నన్ను ముందు పిల్లల చదువు మీద మాట్లాడమన్నారు. ప్రతి ఏడు నేను అదే మాట్లాడుతున్నాను, మీరూ ఓపికగా వింటున్నారు. ఈసారి ఆస్తి సంగతి మాట్లాడతానంటే కమిటీలో ఒకరు నవ్వారు, "మాస్టర్ సాబ్‌కు ఆస్తి ఎక్కడిది?" అని. మాట నిజమే. అయితే నా చేతుల మీదుగా ఇతరుల ఆస్తి కాగితాలు చాలా పోతుంటాయి. నేను ఉర్దూ మాధ్యమం పంతులును కాబట్టి, మన నవీపేట్‌లోను చుట్టుపక్కల ఊళ్లలోను పాత ఉర్దూ కాగితం ఎవరి పెట్టెలో దొరికినా "ఇది కాస్త చదివి పెట్టండి సార్" అంటూ మా ఇంటికి వస్తారు. మనవాళ్లే కాదు, రెడ్లు, మున్నూరు కాపులు, గొల్లవారు కూడా వస్తారు. ఆ రాత షికస్తా రాత. ఒక్కోసారి ఒక మాట దగ్గర గంట సేపు కూర్చోవలసి వస్తుంది.

ఈ మాటలు తెలుగులో చెప్పడానికి కారణం ఉంది. మన పిల్లలిప్పుడు తెలుగులో, ఇంగ్లీషులో చదువుతున్నారు. రేపు ఆ పెట్టె తెరిచేది వాళ్లే. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

ఒక చిత్రం చూడండి. నిజాం సర్కారులో 1880ల నుండి కచేరీ భాష ఉర్దూ. ఆ రాజ్యం పోయి డెబ్బై ఏళ్లు దాటినా రెవెన్యూ వారి నోట ఆ మాటలు పోలేదు. పట్టా, ఖాస్రా, ఫౌతీ, సాదా బైనామా, అన్నీ మన మాటలే. మనిషి పోయిన తర్వాత భూమి వారసుల పేర్లకు ఎక్కించడాన్ని తహసీల్ కార్యాలయంలో తెలుగువారు కూడా "విరాసత్" అనే అంటారు. మాట మనది, అర్థం ఖురాన్ షరీఫ్‌ది, కాని విరాసత్ చేయించుకోవడంలో అందరికంటే వెనుక ఉన్నది మనమే. 1954-55 ఖాస్రా పహాణీలో తాత పేరు ఉంటుంది. తాత పోయాడు, తండ్రి పోయాడు, దున్నుతున్నది మనుమడు, పేరు మాత్రం తాతదే. 2017లో రికార్డుల ప్రక్షాళన వచ్చింది, 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మనవాళ్లు పరుగెత్తినారు, ప్రతిసారీ ఒకే చోట ఆగినారు. వారసులందరు ఒప్పుకున్న కాగితం ఏదీ అని అడిగేసరికి ఇంట్లో అందరు ఒక మాట మీద లేరు.

శనివారం మన ఊరి మేకల సంతలో మేకను కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాము. మూడెకరాల చెలక కొనేటప్పుడు అమ్మేవాడికి అక్కచెల్లెళ్లు ఎందరని అడగము!

ఇప్పుడు వాటాల సంగతి. ఫరాయిజ్ పెద్ద శాస్త్రం, నేను ఆలింను కాను. బడిలో లెక్కలు చెప్పినట్టు ఒకే లెక్క చెప్తాను, అది మా ఇంటి లెక్క.

మా దాదా 1983లో ఇంతెకాల్ అయినారు. ఆయన పేరు మీద ఎనిమిది ఎకరాలు. కొంత పసుపు, కొంత వరి. వెనుక మిగిలినవారు దాదీ, ముగ్గురు కొడుకులు, ఒక బిడ్డ. కొడుకులలో నడిపివారు మా అబ్బా. బిడ్డ, అంటే మా ఫుప్పీ, నాందేడ్‌లో ఇచ్చారు. పంపకానికి ముందు కఫన్, దఫన్ ఖర్చు తీయాలి. తర్వాత అప్పులు తీర్చాలి, భార్యకు చెల్లించని మెహర్ ఉంటే అది కూడా అప్పే, దాన్ని చాలామంది మరచిపోతారు. ఆ తర్వాత వసీయత్ ఉంటే మిగిలిన దానిలో మూడింట ఒక వంతు మించకుండా అది చెల్లించాలి. ఆ పైన మిగిలినదే పంచేది. పిల్లలున్నారు కాబట్టి దాదీకి ఎనిమిదో వంతు, అనగా ఒక ఎకరం. మిగిలిన ఏడెకరాలలో కొడుకుకు రెండు పాళ్లు, బిడ్డకు ఒక పాలు. ముగ్గురు కొడుకులకు ఆరు, ఫుప్పీకి ఒకటి. ఇంత శుభ్రంగా తెగే లెక్క పుస్తకంలో కూడా దొరకదు. అయిదో తరగతి పిల్లవాడు చేస్తాడు.

మా ఇంట్లో అది జరగలేదు. 1996లో దాదీ పోయే వరకు "అమ్మీ ఉండగా పంపకం ఏమిటి" అన్నారు. ఆమె పోయాక ఆమె ఎకరాన్ని కూడా పంచాలి. నలభై గుంటలలో ఏడో వంతు, అయిదు గుంటల చిల్లర, అది కూడా ఫుప్పీదే. అంటే ఆమెకు రావలసింది ఒక ఎకరం అయిదు గుంటల పైన. విరాసత్ చేయించినప్పుడు వారసులు ఎవరంటే మావాళ్లు ముగ్గురు అన్నదమ్ముల పేర్లే చెప్పినారు. నాలుగో పేరు చెప్పలేదు. కచేరీ తప్పు కాదది, మా ఇంటి తప్పు. ఈ మాట ఇంతమందిలో చెప్పడానికి మా అబ్బా దగ్గర అనుమతి తీసుకునే వచ్చాను.

ఎందుకు చెప్పలేదు? ఆ రోజుల్లో మా తాయా అన్న మాట మీ ఇళ్లలో కూడా మీరు వినే ఉంటారు. "దాని పెండ్లికి పెట్టినం కదా, ఇంకేం వాటా?" సోదరులారా, పెండ్లి ఖర్చు వాటా కాదు. తండ్రి బ్రతికుండగా తన సంతోషానికి పెట్టినది ఆయన పోయిన తర్వాత వచ్చే హక్కును కొట్టివేయదు. ఇక జహేజ్ సంగతి చెప్పనక్కరలేదు, 1961 నుండి అది చట్టరీత్యా నేరం. రెండో మాట, "చెల్లె మాఫ్ చేసింది." ఎప్పుడు మాఫ్ చేసింది? ఆమె చేతికి ఇచ్చి, ఇది నీదమ్మా అని చెప్పిన తర్వాత ఆమె తిరిగి ఇస్తే అది మాఫీ. పుట్టింటి గడప తెగిపోతుందని భయపడి, ఈద్‌కు వచ్చినప్పుడు వదిన ముందు తల ఊపితే మాఫీ ఎట్లయితది? తండ్రి బ్రతికి ఉండగానే "నాకు వద్దు" అని రాయించుకున్న కాగితానికి మన షరీఅత్‌లోనూ విలువ లేదు, ఇంకా రాని హక్కును వదులుకోవడం కుదరదు.

ఈ వాటాల ఆయతులు సూరా నిసాలో ఉన్నాయి. అవి దిగిన సందర్భం హదీసులలో వస్తుంది. ఉహద్ యుద్ధంలో షహీద్ అయిన సఅద్ బిన్ రబీ గారి భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వచ్చింది. పిల్లల బాబాయి ఆస్తి అంతా తీసుకున్నాడు, వీళ్ల పెండ్లి ఎట్లా చేయనని అడిగింది. తర్వాత బాబాయిని పిలిపించి పిల్లలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇప్పించి, మిగిలింది నీదన్నారు. అంటే ఈ చట్టం మొదలే ఆడపిల్లల ఫిర్యాదుతో అయింది. మన హిందూ సోదరుల ఇళ్లలో ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమంగా హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. అక్కడ చట్టం ఆలస్యంగా వచ్చింది. మన దగ్గర పధ్నాలుగు వందల ఏళ్ల క్రితమే వచ్చింది, ఇచ్చే చేయి ఇంకా రాలేదు.

ఇంకో రోగం మన జిల్లాకు ప్రత్యేకం, గల్ఫ్ డబ్బు. ఇక్కడ కూర్చున్న వారిలో దుబాయి, సౌదీ, మస్కట్ చూడని ఇల్లు తక్కువ. అన్న దమ్మామ్‌లో పదిహేనేళ్లు ఎండలో పనిచేసి డబ్బు పంపుతాడు. ఇక్కడ తండ్రి పేరు మీద ప్లాటు, తమ్ముడి పేరు మీద దుకాణం. "అంతా మనదే కదా" అంటాడు. తండ్రి పోయిన రోజు ఆ ప్లాటు తండ్రి తర్కా అవుతుంది, అందరికీ వాటా వస్తుంది. పంపిన డబ్బుకు రసీదు లేదు, ఉత్తరం లేదు. ఇట్లాంటి ఇళ్లు నేను చేతివేళ్ల మీద లెక్కపెట్టలేను. అన్నదమ్ములలో ఎవరూ దొంగలు కారు. ఎవరి పేరు మీద, ఎవరి కోసం అన్నది రాసుకోలేదు, అంతే. ఖురాన్‌లో అన్నింటికంటే పొడుగైన ఆయత్ అప్పును రాసుకోవడం గురించినది. నమాజు గురించి కాదు, కాగితం గురించి!

ఇది పేదవాడి కష్టమే అనుకోకండి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్ల ధనవంతుడని పేరు పడ్డ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి సంగతి చూడండి. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన వెంటనే, లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో ఉన్న పది లక్షల ఏడు వేల తొమ్మిది వందల నలభై పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీది ఖాతాకు మారాయి. కొద్ది రోజులకే నిజాం గారు, నా అనుమతి లేదు, తిరిగి ఇవ్వండన్నారు. బ్యాంకు ఇద్దరికీ ఇవ్వలేదు. దావా 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయి, పరాయి దేశాన్ని కోర్టుకు ఈడ్వరాదన్న సూత్రం దగ్గర ఆగిపోయింది. నిజాం గారు 1967లో పోయారు. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు, పేరు వారిదైనా సొమ్ము నిజాంది అని భారత ప్రభుత్వానికి, ఆయన ఇద్దరు మనుమలకు అనుకూలంగా చెప్పింది. మన మాటలో చెప్పాలంటే అది అమానత్ అని తేల్చింది. అప్పటికి ఆ మొత్తం సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. పట్టిన కాలం డెబ్బై ఒక్క ఏళ్లు. ఆ తర్వాత కూడా మిగతా వారసులు మాకూ వాటా అని కోర్టుకెక్కారు. లండన్‌లో పెద్ద పెద్ద బారిస్టర్లను పెట్టుకోగలిగినవారికే ఒకరి సొమ్ము ఇంకొకరి పేరు మీద పడితే ఇంత పట్టింది. మన ప్లాటు కేసుకు తారీఖు తారీఖుకు బస్సు చార్జీలు కూడా మనమే పెట్టుకోవాలి.

అదే నిజాం గారు 1951లో నగలకు ట్రస్టు రాయించారు. ఎవరి కోసమన్నది దస్తావేజులోనే ఉంది. అమ్మకానికి అక్కడా ఏళ్లు పట్టాయి గాని, 1995లో 173 నగలను భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది, డబ్బు వారసులకు చేరింది, నగలు దేశంలోనే మిగిలాయి.

మరి బ్రతికుండగా మనం ఏం చేయవచ్చు? ఒకటి హిబా. ఇస్తున్నానని చెప్పాలి, తీసుకునేవాడు ఒప్పుకోవాలి, స్వాధీనం ఇవ్వాలి. మూడూ ఉంటేనే హిబా. ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2011లో, ముసల్మాను హిబాను కాగితం మీద రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. ఈ తీర్పు విని మనవాళ్లు సంతోషించినారు. నేను సంతోషించలేదు. నోటి మాట హిబాకు సాక్షులుగా నిలిచిన ఇద్దరు ముసలివారు పోతే రేపు ఎవరు చెప్తారు? ఖర్చయినా రిజిస్ట్రారు ఆఫీసుకు పోండి. ఇంకొకటి, హిబా పేరుతో బిడ్డలను తప్పించి అంతా కొడుకుల పేర ఎక్కించేవారున్నారు. కోర్టులో అది నిలవవచ్చు. పిల్లల మధ్య ఇవ్వడంలో న్యాయం చేయమన్న హదీస్ ముందు నిలుస్తుందా అన్నది వాళ్లు చూసుకోవాలి.

రెండోది వసీయత్. మూడింట ఒక వంతు వరకే, అది కూడా వారసుడు కానివారికి. వారసుడికి రాస్తే మిగతా వారసులు ఆయన పోయిన తర్వాత ఒప్పుకోవాలి. దీని అవసరం అన్నింటికంటే ఎక్కువ ఉన్నది ఒక చోట, దాని గురించి మన మసీదులలో కూడా తక్కువ మాట్లాడుతారు. తండ్రి ఉండగా కొడుకు చనిపోతే, మిగతా కొడుకులు ఉన్నందువల్ల ఆ కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. అనాథ పిల్లలు చిన్నాన్నల దయ మీద పడతారు. ఈజిప్టులో 1946లో ఇట్లాంటి మనుమలకు తప్పనిసరి వసీయత్ అని చట్టం చేశారు, పాకిస్తాన్‌లో 1961లో తండ్రి వాటాయే ఇప్పించారు. మన దేశంలో అట్లాంటిది లేదు, కాబట్టి తాత కలం పట్టాలి. ఒక వంతు ఆయన చేతిలోనే ఉంది. లారీ ప్రమాదంలో కొడుకు పోయిన ఒక పెద్దాయన నా దగ్గర కూర్చుని ఇద్దరు మనుమరాళ్ల పేరున రాయించారు. మూడు రోజులు రాశాము, ఎందుకంటే ప్రతి వాక్యం దగ్గర ఆయన ఏడ్చారు.

బ్యాంకులో నామినీ పేరు రాసినాం కదా అంటారు. నామినీ డబ్బు తీసుకునేవాడు, సొంతదారు కాడు. 2015 వరకు బీమా విషయంలో కూడా ఇదే నియమం ఉండేది, సుప్రీంకోర్టు 1983లో ఈ మాట చెప్పింది. వక్ఫ్ అలల్ ఔలాద్ అని ఇంకో దారి ఉంది, ఆస్తి అమ్మకుండా దాని ఆదాయం తరతరాలకు పోయేటట్టు. 1894లో లండన్ ప్రివీ కౌన్సిల్ దాన్ని చెల్లదన్నది, 1913 చట్టం మళ్లీ నిలిపింది. 2025 వక్ఫ్ సవరణలో ఇట్లాంటి వక్ఫ్ వల్ల ఆడ వారసుల హక్కు పోరాదని రాశారు. ఆ సవరణ మీద అనేక వాదాలున్నాయి, ఈ ఒక్క వాక్యం మీద నాకు తగాదా లేదు. అయితే రెండెకరాల వారికి, ఒక ఇంటివారికి వక్ఫ్ దాకా అవసరం లేదు.

ఇప్పుడు మా ఫుప్పీ ఎకరం దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆమె 2014లో పోయింది. ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఈద్‌కు వచ్చేటప్పుడు మాకు బట్టలు తెచ్చేది, పోయేటప్పుడు అమ్మీ ఒక సంచి పసుపు కొమ్ములు ఇచ్చేది. ఆమె పిల్లలు అడిగారు. 2015లో దావా వేశారు. భూమి మీద కేసు ఉందంటే కొనేవాడు రాడు, బ్యాంకు అప్పు ఇవ్వదు. 2017లో మా తాయాకు గుండె ఆపరేషన్ వచ్చింది. రెండెకరాల పట్టాదారు, చేతిలో డబ్బు లేదు. తాయీ మెడలోవి, కోడళ్లవి అమ్మినారు, మిగతాది వడ్డీకి తెచ్చినారు. ఆ వడ్డీ కట్టి కట్టి పసుపు విత్తనానికి దాచిన కొమ్ములు కూడా ఒక ఏడు అమ్ముకున్నారు. ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ల విత్తనం కావాలి, అది అమ్ముకుంటే వచ్చే ఏడు ఏం వేస్తాడో రైతుకు చెప్పనక్కరలేదు. ఒక్క ఎకరం ఆపినందుకు ఎనిమిది ఎకరాలు ఆగిపోయినయి.

పోయిన ఏడు నేను నవీపేట్ స్టేషన్‌లో బండెక్కి, బాసర, ధర్మాబాద్ మీదుగా నాందేడ్ పోయాను. వకీలు లేకుండా, పంతులుగా కాదు, మేనమామ కొడుకుగా పోయాను. ఫుప్పీ పెద్ద కొడుకు నాకంటే పదేళ్లు పెద్ద. చాయ్ ఇచ్చి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "భాయ్, ఎకరం కోసం కాదు మేం కోర్టుకు పోయింది. నాలుగు పిల్లలను కన్న తల్లి మీ దాదీ. కాగితంలో ముగ్గురే ఎందుకున్నారు? మా అమ్మీ ఎవరి బిడ్డ?" నా దగ్గర జవాబు లేదు. నేను ముప్పై ఏళ్లుగా ఇతరుల కాగితాలు చదువుతున్నాను, మా ఇంటి కాగితం చదవలేదు.

ఇప్పుడు రాజీ కాగితం తయారైంది. అందులో దాదా, దాదీ, వారి నలుగురు పిల్లల పేర్లు వరుసగా ఉన్నాయి, ఫుప్పీ పేరుతో సహా. ఎకరం అయిదు గుంటలు ఆమె పిల్లలకు, కాలువ వైపు చెక్కనే, మంచిదే. మా అబ్బాకు ఎనభై దగ్గర పడ్డాయి, చేయి వణుకుతుంది, అయినా వేలిముద్ర వద్దని సంతకమే చేశారు, ఉర్దూలో. చచ్చా చేశారు. తాయా లేరు, ఆయన కొడుకులు ఇద్దరు చేశారు. మూడో అతను దమ్మామ్‌లో ఉన్నాడు, షాబాన్‌లో సెలవు మీద వస్తాడు. ఫోన్‌లో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "వచ్చినాక మాట్లాడుదాం" అంటున్నాడు. నేను ఎదురు చూస్తున్నాను.

ఉర్దూ కాగితాలు చదివించుకోవలసినవారు ఆదివారం జొహర్ తర్వాత మా ఇంటికి రండి. ఒరిజినల్ తేవద్దు, జిరాక్స్ తెండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో అక్కచెల్లెళ్ల పేర్లు కూడా రాసుకుని రండి, మొదట అవే అడుగుతాను. వస్సలాం.